బాసా చేపను ఓవెన్‌లో పెడితే నీరు వదిలేస్తోంది: పని రోజుల్లో త్వరగా అయ్యే పద్ధతి చెప్పగలరా?

ప్రశ్న (హైదరాబాదు, మియాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఏడున్నర అవుతుంది. ఎనిమిదిన్నర లోపు అన్నం పెట్టకపోతే మా అమ్మాయి నిద్రపోతుంది కాబట్టి, పని రోజుల్లో చేపల పులుసు పెట్టడానికి గానీ, ముళ్ళు ఏరి తినిపించడానికి గానీ వ్యవధి ఉండదు. మా అత్తయ్యగారికి రక్తపోటు ఉన్నందువల్ల వేపుళ్ళూ ఉప్పూ తగ్గించమని డాక్టరు చెప్పారు. అందుకే ముల్లు లేని బాసా ముక్కలు తెచ్చి ఓటీజీలో (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) బేక్ చేద్దామనుకున్నాను.

అర కిలో ముక్కలను ఉదయమే నీళ్ళలో వేసి గడ్డ విడిపించి, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, కారం, పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాను. రాత్రి వాటిని గాజు గిన్నెలో ఒకదాని పక్కన ఒకటి ఇరికించి, 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు ఉంచాను. బయటికి తీసేసరికి గిన్నెలో సగం వరకు నీరు నిలిచింది, ముక్కల అంచులు రబ్బరులా సాగుతున్నాయి, మధ్యభాగం తడిపిన రవ్వలా విడిపోయింది, పైన తెల్లటి తరకలాంటిది కట్టింది. రెండుసార్లు ఇలాగే జరిగింది. ఒకే చేప ఒక చోట ఎండిపోయి, మరొక చోట నీరు కారడానికి కారణమేమిటో, ఎక్కడ సరిదిద్దుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కాకినాడ నుంచి)

మీ ప్రశ్న చదవగానే జవాబు రాయాలనిపించిందమ్మా, ఎందుకంటే మా ఇంట్లోనూ మొదటి నెల రోజులు అచ్చంగా ఇదే జరిగింది. లోపం చేపలో కొంత ఉంది, పద్ధతిలో ఎక్కువగా ఉంది.

ముందుగా నీటి సంగతి. దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే ముక్కలకు, అవి ఎండిపోకుండా ఉండేందుకు పైన పలుచని మంచు పొర వేస్తారు. ఆ పొర కరిగితే వచ్చే నీరు కొంత, కండలో ఉన్న నీరు కొంత. పైగా మీరు నీళ్ళలో వేసి విడిపించారు, ఆపైన పెరుగు పట్టించారు, లోతైన గిన్నెలో ఇరికించారు. ఇంత తడి ఆవిరిగా బయటికి పోయే దారి లేనప్పుడు ముక్క కాలదు, తన నీటిలో తానే ఉడుకుతుంది. కాబట్టి ముందు రోజు రాత్రే ముక్కలను డీప్ ఫ్రీజర్ నుంచి తీసి, జల్లెడ పళ్ళెంలో పెట్టి, దాని కింద మరొక గిన్నె ఉంచి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గాలి తీసేసి మూసిన ప్యాకెట్ అయితే విడిపించే ముందే తెరవండి, ఎందుకంటే గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. సాయంత్రం రాగానే ప్రతి ముక్కనూ శుభ్రమైన నూలు గుడ్డతో రెండు వైపులా, గుడ్డకు తడి అంటనంత వరకు అద్దండి. ఈ ఒక్క పనికి మూడు నిమిషాలు పడుతుంది, ఫలితంలో సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక పట్టించినవాటి విషయం. నిమ్మరసంలోని పులుపు వేడి తగలకుండానే చేప కండను తెల్లగా, గట్టిగా మారుస్తుంది. అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంటుంది. వేటమాంసానికి పచ్చి బొప్పాయి చేసే పనినే అది లేత చేపకు చేస్తుంది. ఉదయం నుంచి రాత్రి దాకా ఈ రెండూ పని చేశాక మధ్యభాగం రవ్వలా విడిపోవడంలో ఆశ్చర్యం లేదు. అల్లం మానేయండి, నిమ్మరసం వడ్డించేటప్పుడు పిండండి. ముక్కకు కావలసిందల్లా కొద్దిగా ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన రెండు వెల్లుల్లి రెబ్బలు, అర కిలోకు రెండు చెంచాల నూనె లేదా కరిగించిన వెన్న.

అసలు ముఖ్యమైనది సమయం. వేటమాంసంలో గట్టి నరాలూ పొరలూ మెత్తబడడానికి చాలాసేపు ఉడకాలి. చేపలో అటువంటి పొరలు చాలా పలుచగా ఉండి, తక్కువ వేడికే కరిగిపోతాయి. అంటే ఎక్కువసేపు ఉంచడం వల్ల చేపకు ఒరిగేదేమీ లేదు, నష్టమే తప్ప. పులుసులో ఆ నష్టం మనకు తెలియదు, ఎందుకంటే చింతపండు రసం ముక్క చుట్టూ ఉండి లోపలి ఎండును కప్పేస్తుంది. ఓవెన్‌లో ఆ రక్షణ ఉండదు. మీరు చూసిన తెల్లటి తరక కూడా వేడి ఎక్కువై కండలోంచి బయటికి వచ్చి గడ్డకట్టిన మాంసకృత్తే.

కెనడా మత్స్యశాఖ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్కను నేను పాటిస్తాను: 200 నుంచి 230 డిగ్రీల వేడిలో, ముక్క అన్నిటికంటే మందంగా ఉన్న చోట అంగుళానికి 10 నిమిషాలు. బాసా ముక్క సాధారణంగా అంగుళం కంటే పలుచగా ఉంటుంది కనుక, ఏడో నిమిషం నుంచే చూడడం మొదలుపెట్టండి. తోక వైపు సన్నటి భాగాన్ని కిందికి మడిస్తే అంతటా ఒకే మందం వస్తుంది. గాజు గిన్నె బదులు పలుచని రేకు ట్రే తీసుకుని, బటర్ పేపర్ పరచి, ముక్కకూ ముక్కకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచండి. ఓటీజీని పైనా కిందా రెండు కడ్డీలూ వెలిగించి కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వాలి; మీరు కాళ్ళూ చేతులూ కడుక్కుని, బియ్యం కుక్కర్‌లో పెట్టేలోగా అది పూర్తవుతుంది.

అయ్యిందో లేదో తెలుసుకోవడానికి సన్నటి చాకు మొనను మందమైన చోట గుచ్చి, మూడు లెక్కపెట్టి తీసి, కింది పెదవికి తాకించండి. చల్లగా ఉంటే ఇంకో నిమిషం కావాలి, వెచ్చగా తగిలితే వెంటనే బయటికి తీయాలి. గాజులా మసకగా ఉన్న కండ పాలలా తెల్లబడి, చెంచాతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోవాలి.

వీలైతే ఆదివారం పండుగప్పను ముల్లు తీయించి తెచ్చుకోండి. కృష్ణా జిల్లాలో ఉప్పునీటి చెరువుల్లో పెంచుతారు, హైదరాబాదుకూ వస్తుంది. ఖరీదు ఎక్కువే, కానీ దాని కండ గట్టిది, సమయంలో ఒకటి రెండు నిమిషాలు తేడా వచ్చినా మన్నిస్తుంది.

జవాబు (బోస్టన్ సమీపం నుంచి)

కాకినాడవారు చెప్పినదానికి కొద్దిగా కలుపుతాను. మేముండే ప్రాంతంలో కాడ్, హాడక్ చేపలను ఇలాగే వండుకుంటారు. ఈ చేపలు కొవ్వును కండలో కాక కాలేయంలో దాచుకుంటాయి (కాడ్ లివర్ ఆయిల్ వచ్చేది అక్కడి నుంచే), కాబట్టి కండ తొందరగా ఎండిపోతుంది. ఇక్కడివారు దానికి చేసే ఉపాయం ఏమిటంటే, ఉప్పు బిస్కెట్లను పొడిచేసి, కరిగించిన వెన్నలో కలిపి, ముక్క మీద పలుచగా పరచి బేక్ చేస్తారు. నేను బిస్కెట్లకు బదులు రస్కుల పొడి వాడతాను. మీ అత్తయ్యగారికి ఉప్పు కూడా తగ్గుతుంది. పైపొర కరకరలాడుతుంది, కింద ముక్క తడిగా ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు.

వంట థర్మామీటరు కొనగలిగితే కొనండి. అమెరికా వ్యవసాయశాఖ చేపకు చెప్పే భద్రమైన వేడి 145 ఫారెన్‌హీట్, అంటే సుమారు 63 సెంటీగ్రేడు. చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ తినే ఇంట్లో ఆ అంకె చూసి తీయడమే మేలు. అందులోనూ చిన్న ఓవెన్లలో మీట మీద రాసి ఉన్న అంకెకూ లోపలి వేడికీ తరచు పొంతన కుదరదు.

జవాబు (గుంటూరు నుంచి)

ఉప్పూ మిరియాలతో మా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు. అల్లం మానేయమన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, కానీ కారం మానేయనక్కరలేదు. రెండు చెంచాల నూనెను గోరువెచ్చగా చేసి, అందులో అర చెంచా కారం, చిటికెడు పసుపు, పావు చెంచా ధనియాల పొడి, దంచిన వెల్లుల్లి కలిపి, తుడిచిన ముక్క మీద ఓవెన్‌లో పెట్టబోయే ముందు మాత్రమే రాయండి. పొడి మసాలా నీరు వదలదు, రుచికి లోటుండదు. పక్కన పప్పుచారు ఉంటే భోజనం నిండుగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి జల్లెడలో పెట్టిన ముక్కల కింద ఉదయానికి దాదాపు అర గ్లాసు నీరు చేరింది. ఇంతకాలం ఆ నీటినంతా నేను ఓవెన్‌లోకి పంపుతున్నానన్నమాట. గుంటూరువారి కారం నూనె పెద్దవాళ్ళకు, రస్కుల పొడి మా అమ్మాయికి, రెండూ ఒకే ట్రేలో పెట్టాను. 220 డిగ్రీల దగ్గర ఎనిమిదో నిమిషంలో చాకు మొన ఇంకా చల్లగానే ఉంది, పదో నిమిషంలో వెచ్చబడింది. బటర్ పేపర్ మీద నూనె తప్ప నీటి చుక్క లేదు. ఒక ముక్క తోక మడవడం మరిచిపోయాను, ఆ కొస మాత్రం గట్టిపడింది. ఏడు గంటల నలభై అయిదు నిమిషాలకు ఓవెన్ వెలిగించి ఎనిమిదింబావుకు వడ్డించాను. మా అత్తయ్యగారు రెండో ముక్క అడిగి వేయించుకున్నారు. వచ్చే ఆదివారం పండుగప్ప తెస్తాను. దానికి చర్మం ఉంచి బేక్ చేయాలా, తీయించాలా అన్నది కాకినాడవారు చెప్పగలరు.

జవాబు (కాకినాడ నుంచి)

చర్మం ఉంచండమ్మా, పొలుసు మాత్రం పూర్తిగా గీయించండి. చర్మం వైపును ట్రేకి ఆనించి పెడితే కింది నుంచి వచ్చే వేడి కండకు నేరుగా తగలదు, వడ్డించేటప్పుడు అట్లకాడతో ముక్కను ఎత్తితే చర్మం చాలావరకు కాగితానికే అంటుకుని ఉండిపోతుంది. పండుగప్ప ముక్క మందంగా ఉంటుంది కాబట్టి పన్నెండు నిమిషాల దాకా పట్టవచ్చు. చూడడం మాత్రం తొమ్మిదో నిమిషం నుంచే మొదలుపెట్టండి.