స్కూల్ లైబ్రరీలో మేకర్‌స్పేస్: ప్రింటర్‌కి గాలి, బటన్ సెల్స్‌కి లెక్క ఎలా కుదర్చాలి?

మేకర్‌స్పేస్ అంటే పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసే చోటు. మాది లైబ్రరీలో ఒక మూల, 12 అడుగులకు 10 అడుగుల జాగా. రెండు బల్లలు, ఒక త్రీడీ ప్రింటర్. పీరియడ్ 45 నిమిషాలు, బ్యాచ్‌కి 24 మంది పిల్లలు. ఇలాంటిది నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే రెండు విషయాల్లో సలహా కావాలి.

ప్రింటర్‌లో పీఎల్‌ఏ (ఒక రకం ప్లాస్టిక్) తీగ వాడుతున్నాం. నాజిల్ (తీగ కరిగి బయటికొచ్చే మొన) 205 డిగ్రీలు, బెడ్ (వస్తువు తయారయ్యే పలక) 60. సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలితే వస్తువు మూలలు పైకి లేచి, సగంలోనే బెడ్ నుంచి ఊడిపోతోంది. ఫ్యాన్ ఆపితే చదువుకునేవాళ్లకి ఉక్కపోత. పెట్టెలో పూర్తిగా మూసేస్తే ఇంకో తంటా: లోపల వేడెక్కి, తీగ నాజిల్ చేరకముందే మెత్తబడి ఇరుక్కుంటుంది. మూడు వైపులా అక్రిలిక్ షీటు నిలబెట్టి పైన వదిలేస్తే చాలా?

రెండోది పేపర్ సర్క్యూట్లు, అంటే కాగితం మీద రాగి టేపు అతికించి, బటన్ సెల్‌తో ఎల్‌ఈడీలు (చిన్న దీపాలు) వెలిగించడం. మలుపులో రాగి టేపు కత్తిరించి అతికిస్తే అడుగున జిగురు కరెంటుని అడ్డుకుంటుంది కాబట్టి మడత పెట్టిస్తున్నాం. ఒకే 3 వోల్టుల సెల్‌కి ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు సమాంతరంగా కలిపితే ఎరుపొక్కటే వెలుగుతుంది (దానికి 2 వోల్టులు చాలు మరి), అందుకే రంగుకో సెల్. అంతవరకు బాగానే ఉంది. భయమల్లా ఆ సెల్స్ గురించే. చిన్నపిల్లలు మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. 24 గుంతల ట్రే పెట్టి, గుంతలన్నీ నిండాకే గంట కొట్టించడమా, లేక పుస్తకాల్లాగే బార్‌కోడ్ వేసి కిట్లు ఇష్యూ చేయడమా? బార్‌కోడ్‌తో కిట్ వెనక్కొస్తుంది గానీ, అందులో సెల్ ఉందో లేదో ఎవరు చూస్తారు?