మషీయఖ్: రక్షకుడా, అభిషిక్తుడా?

ప్రశ్న: హీబ్రూలో "మషీయఖ్" అంటే రక్షకుడని ఒక ప్రసంగంలో విన్నాను. నిఘంటువులో చూస్తే "అభిషిక్తుడు" అని ఉంది. ఏది సరి?

జవాబు: నిఘంటువుదే సరి. ప్రసంగంలో రెండు ధాతువులు కలగలిసిపోయినట్టున్నాయి. రక్షించడానికి హీబ్రూ ధాతువు య-ష-అ. దాని నుంచి వచ్చిన "మోషీఅ" అంటే రక్షకుడు. యేసు పేరుకు మూలమైన "యేషూఅ" కూడా ఆ కుదురుదే. మషీయఖ్ మాత్రం మ-ష-ఖ నుంచి పుట్టింది. పూయడం, రాయడం అని దాని అర్థం. చివరి గొంతు ధ్వనులు రెండూ వేరు. తెలుగు చెవికి ఆ తేడా సులువుగా అందదు.

ఈ ధాతువులో పుట్టుకతో వచ్చిన పవిత్రత ఏమీ లేదు. నిర్గమకాండం 29లో పలుచని పొంగని రొట్టెలకు నూనె రాయడానికీ, యిర్మీయా 22లో మేడకు ఎర్ర రంగు పూయడానికీ ఇదే క్రియ. మనిషికి వాడినప్పుడే పదవి కట్టబెట్టడమనే అర్థం వస్తుంది. స్నానం చేసి ఒంటికి నూనె రాసుకోవడానికి "సూఖ్" అనే వేరే క్రియ ఉంది. రూతు గ్రంథంలో కోడలు రూతును కళ్ళానికి పంపేముందు అత్త నయోమి వాడిన మాట అదే. మన తలంటుకూ పట్టాభిషేకానికీ ఉన్న తేడా అనుకోండి. (ఆమోసు 6:6 ఈ గీత దాటుతుంది. అక్కడ విలాసపురుషుల పరిమళ తైలానికీ మ-ష-ఖనే వాడారు.)

హీబ్రూ బైబిల్లో ఇది ఏ ఒక్కరికో కట్టిన బిరుదు కాదు. లేవీయకాండం 4లో యాజకుడు మషీయఖ్. సౌలు రాజూ మషీయఖే. తన ప్రాణం తీయడానికి తరుముతున్న సౌలు ఏన్గెదీ గుహలో చేతికి చిక్కినా, దావీదు అతని పైవస్త్రపు చెంగు మాత్రం కోసి వదిలేస్తాడు. యెహోవా అభిషిక్తుడి మీద చెయ్యి వేయనంటాడు. అన్నిటికన్నా ఆశ్చర్యం యెషయా 45:1. అక్కడ ఆ మాట దక్కింది పర్షియా చక్రవర్తి కోరెషుకు. అతడు యెహోవాను ఎరగనివాడని ఆ అధ్యాయమే చెబుతుంది. అతని తలమీద ఎవరో తైలం పోసినట్టు అందులో ఎక్కడా లేదు. ఒక పనికి దేవుడు ఎంచుకున్నవాడు, అంతే.

రాబోయే విమోచకుడనే అర్థం యూదుల ఆశల్లో తర్వాతి కాలంలో స్థిరపడింది. కాబట్టి మీరు విన్నది భావంగా చెల్లుతుంది, ఆ పదం అర్థంగా చెల్లదు.

ప్రశ్న: మరి మెస్సీయ, క్రీస్తు?

జవాబు: అరామిక్ "మెషీఖా" గ్రీకు నోట "మెస్సియాస్" అయింది, మన మెస్సీయ ఆ దారిన వచ్చిందే. క్రీస్తు దానికి గ్రీకు అనువాదం, "ఖ్రిస్తోస్". అదీ నూనె పూయడమనే క్రియ నుంచే. యోహాను 1:41 ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టి అర్థం చెబుతుంది. అరబీ, ఉర్దూల "మసీహ్" కూడా ఈ కుటుంబమే.

ఇంకొక్కటి, రాసేవాళ్ల కోసం: చివరి ఖకారం కింద అకారపు గుర్తు ఉన్నా, పలికేటప్పుడు ఆ అకారం ముందుకు జరుగుతుంది. అందుకే మషీఖ కాదు, మషీయఖ్.