అప్‌డేట్: చివరికి హెలెనాకే వచ్చేశాం

వేటకూ చేపలు పట్టడానికీ అనువుగా అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బోజ్‌మన్, మిజూలా, హెలెనాలలో ఏ ఊళ్లో స్థిరపడాలని ఇక్కడ అడిగాను. హెలెనాలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

బోజ్‌మన్ చుట్టూ నదులు అద్భుతం, ఇళ్ల ధరలే మాకు అందలేదు. నా మనసు లాగింది హెలెనా దగ్గర పారే మిస్సోరి నది. దాని మీదున్న హోల్టర్ ఆనకట్ట నుంచి వచ్చే నీళ్లు వేసవిలోనూ చల్లగా ఉంటాయి, అందుకే దిగువనున్న క్రెయిగ్ ఊరి దాకా ట్రౌట్ చేప దండిగా దొరుకుతుంది. పైగా 1985 నాటి చట్టం వల్ల, ప్రైవేటు భూముల మధ్య పారే నదిలోనూ సాధారణ గరిష్ఠ నీటిమట్టపు గుర్తు లోపల ఎవరైనా తిరగవచ్చు. ఇంత ఉదారమైన చట్టం ఉన్న రాష్ట్రంలో ఉండటం నాకు గర్వంగా ఉంది!

ఊరి అంచునే జాతీయ అడవి మొదలవుతుంది. ఎల్క్ అనే పెద్ద జింక వేటకు మాత్రం ఆగాలి. స్థానికుల లైసెన్సుకు వరుసగా 180 రోజుల నివాసం తప్పనిసరి. 1985 తర్వాత పుట్టినవాణ్ని కాబట్టి వేట శిక్షణ కోర్సూ పూర్తి చేయాలి. అప్పటిదాకా బయటివారి రుసుము కట్టి చేపలు పడతాను. మిస్సోరి గురించి గట్టిగా చెప్పినవారందరికీ కృతజ్ఞతలండీ.