అప్‌డేట్: కాగితాల కుప్ప 3 చోట్లకు కుదిరింది

టేబుల్ మీద పేరుకుపోయే బిల్లులు, వారంటీ కార్డులు ఎలా సర్దాలని అడిగాను కదా. 12 ఫైళ్లుగా విడదీయమని వచ్చిన సలహా నిలబడలేదు. ఏది ఎందులోకో ఆలోచించాల్సి వస్తే కాగితం మళ్లీ టేబుల్ మీదికే చేరుతుంది. ఇప్పుడు మూడే: కట్టాల్సినవి, దాచాల్సినవి, వారంటీలు. కట్టాల్సినవాటికి మూతలేని ట్రే పెట్టాను. కళ్లెదుట లేకపోతే గడువు దాటిపోతుంది.

అసలు చిక్కు షాపు బిల్లులతోనే. చాలావరకు థర్మల్ కాగితం (సిరా లేకుండా వేడితోనే అక్షరాలు పడేది), ఎండా వేడీ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టినా అంతే, అందులోని ప్లాస్టిసైజర్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) అచ్చును తినేస్తాయి. కొన్న రోజే ఫోటో తీసి ‘2025-03-14 ఫ్యాన్’ అని పేరు పెడితే ఫోటోలకు తేదీల వరుస దానంతటదే కుదురుతుంది. ఒరిజినల్‌ను మామూలు కాగితం కవర్లో, వారంటీ కార్డుతో కలిపి ఉంచాలి. పిన్ను కొట్టొద్దు, తుప్పు మరక పడుతుంది.