మంచు పడేలోపు అటిక్ పని ముందా, వంటిల్లు ముందా?

సుజాత_ఎంఎన్:
మినియాపొలిస్ పక్కన 1962లో కట్టిన ఇల్లు కొన్నాం. ఆగస్టులో క్లోజింగ్ అయి ఇల్లు మా పేరున వచ్చింది, చేతిలో 14,000 డాలర్లు మిగిలాయి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో అటిక్‌లో, అంటే కప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలో, వేడిని ఆపే ఇన్సులేషన్ ఆరు అంగుళాలే ఉందని, బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి పోకుండా అటిక్‌లోనే ఆగిపోయిందని రాశారు. హాల్ కిటికీ పైన నీటి మరక కూడా ఉంది. మా ఆయన అటిక్ ముందంటారు. నాకేమో వంటిల్లు ముందు. పొయ్యి మీది చిమ్నీ గాలిని బయటికి పంపదు, పోపు వేస్తే చాలు స్మోక్ అలారం మోగుతుంది. నవంబర్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఏది ముందు చేయించమంటారు?

పద్మ_ప్లిమత్:
అటిక్ ముందు సుజాతా, రెండో మాట లేదు. ఆ మరక ఐస్ డ్యామ్‌దే అయ్యుంటుంది. ఇంట్లో వేడి పైకి పోయి కప్పు మీది మంచును కరిగిస్తుంది. ఆ నీరు చూరు దాకా జారి, అక్కడ వేడి తగలక మళ్లీ గడ్డకడుతుంది. దాని వెనక నిలిచిన నీరు కప్పు మీది షింగిల్ పలకల కిందికి దూరి ఇంట్లోకి కారుతుంది. ముందు లైట్ల చుట్టూ, గొట్టాల చుట్టూ, అటిక్ మూత చుట్టూ సందులు మూయించు. ఆ తర్వాతే ఆర్-49 (వేడిని ఆపే శక్తికి కొలత) దాకా ఇన్సులేషన్ పోయించు.

బోస్_ఈగన్:
చూరు వెంట హీట్ కేబుల్, అదే కరెంటుతో వేడెక్కే తీగ, వేసుకోండి. ఒక్క రోజు పని. మిగిలిన డబ్బుతో వంటిల్లు చేయించుకోండి. మా ఇంటికి మూడేళ్లుగా అదే ఉంది, ఒక్క చుక్క కారలేదు.

పద్మ_ప్లిమత్:
కేబుల్ నీళ్లు పోవడానికి మంచులో దారి చేస్తుంది, అంతే. ఇంట్లో వేడి పైకి పోతూనే ఉంటుంది. గ్యాస్ బిల్లుకి తోడు కరెంటు బిల్లు.

బోస్_ఈగన్:
బిల్లు సంగతి ఆవిడ అడగలేదు. నీళ్లు కారుతున్నాయా లేదా? మా ఇంట్లో కారడం లేదు.

కిరణ్_టొరంటో:
అటిక్‌లో బూడిద రంగు గుళికలు మెరుస్తూ కనిపిస్తే కదపకండి. అది వర్మిక్యులైట్ అనే పాతకాలపు ఇన్సులేషన్ కావచ్చు. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన దాంట్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది. ఆ గని 1990లో మూతపడింది కానీ పాత ఇళ్లలో సరుకు అలాగే ఉంది. ముందు పరీక్ష చేయించండి.

పద్మ_ప్లిమత్:
2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్. ఆ వారం మా అటిక్ మూత తీసి టార్చి వేస్తే, కప్పులోంచి దిగిన ప్రతి మేకు కొనా మంచు పట్టి తెల్లగా ఉంది. స్నానాల ఆవిరి, ఇడ్లీల ఆవిరి అంతా అక్కడ చేరి గడ్డకట్టింది. నాలుగు రోజులకు చలి విరగగానే కరిగి పిల్లల గదిలో కారింది. కప్పుకి ఎక్కడా చిల్లి లేదు. మా ఫ్యాన్ గొట్టం కూడా సుజాత వాళ్లదానిలాగే ఉండేది. దీనికి కేబుల్ ఏం చేస్తుంది?

బోస్_ఈగన్:
పద్మ గారూ, ఎప్పుడూ ఇదే వరస. కేబుల్ వాడేవాళ్లకి బుర్ర లేదన్నట్టే మాట్లాడతారు.

పద్మ_ప్లిమత్:
ఎక్కడన్నానో చూపించండి. ఆ అమ్మాయి డబ్బుతో ప్రయోగం చేయించకండి అంటున్నాను.

బోస్_ఈగన్:
ప్రయోగమా? మీరు చెప్పే పనే 2021 అక్టోబర్‌లో చేయించాను. మంచు పడేలోపు అయిపోవాలని, ముందు ఎవరు ఖాళీగా దొరికితే వాళ్లకిచ్చాను. మూడింటికి వచ్చి ఐదింటికల్లా పోసేసి పోయారు. ఒక్క సందూ మూయలేదు. చూరు కింద గాలి వచ్చే రంధ్రాలు కూడా పూడ్చేశారు. ఆ చలికాలం ఐస్ డ్యామ్ ముందుకంటే పెద్దది కట్టింది. అది చాలదన్నట్టు, నేను పూర్తిగా డబ్బు కట్టినా కంట్రాక్టర్ తన కింద పనిచేసినవాళ్లకి ఇవ్వలేదు. వాళ్లు బాకీ కింద మా ఇంటి మీద లీన్, అంటే చట్టపరమైన హక్కు, వేశారు. ఒకే పనికి రెండుసార్లు కట్టాను. ఇప్పటికీ అటిక్ మాటెత్తితే మా ఆవిడ లేచి వెళ్లిపోతుంది. కేబుల్ నా చేత్తో నేనే వేసుకున్నాను. ఎవర్నీ ఇంట్లోకి పిలవక్కర్లేకపోయింది.

సరళ_ఫార్గో:
అయ్యో. ఇది మొదటే చెప్పాల్సింది కదా అన్నా.

పద్మ_ప్లిమత్:
బోస్ గారూ, ఇందాకటి నుంచి ఉత్త కేబుల్‌తో పోట్లాడుతున్నాను. మీకు జరిగింది నాకు జరిగితే నేనూ ఎవర్నీ అటిక్ ఎక్కనివ్వను. సుజాతా, సందులు మూశాక, ఇన్సులేషన్ పోయకముందు ఫొటోలు అడుగు. పనికి ముందు, తర్వాత ఇంట్లోంచి గాలి ఎంత లీకవుతుందో కొలిచే బ్లోవర్ డోర్ టెస్ట్ చేయించు. కంట్రాక్టర్ కింద పనిచేసినవాళ్ల నుంచి, లీన్ హక్కు వదులుకుంటున్నామనే లీన్ వేవర్ మీద సంతకం వచ్చాకే చివరి చెక్కు ఇవ్వు. మిన్నెసోటాలో పని ముగిశాక 120 రోజుల వరకు లీన్ వేయొచ్చు.

బోస్_ఈగన్:
ఇవన్నీ తీరిక ఉన్నవాళ్లకి. నవంబర్ గడువు పెట్టుకున్న మనిషి ఏదీ అడగదు, నేనూ అడగలేదు. నా భయమంతా అదే. దొరికినవాడికి ఇచ్చేకంటే ఈ చలికాలం కేబుల్‌తో గడిపి, వేసవిలో నిదానంగా మంచివాళ్లని వెతుక్కోమంటాను.

పద్మ_ప్లిమత్:
ఆ మాటకైతే నేను కాదనను. కానీ ఫ్యాన్ గొట్టం ఇప్పుడే బయటికి తీయించాలి. అది ఆగదు.

సుజాత_ఎంఎన్:
రాత్రి ఇవన్నీ చదివి అటిక్ మూత తీసి చూశాను. గుళికలు లేవు కిరణ్ గారూ, గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్. గొట్టం చివర ఉన్న చెక్క మాత్రం నల్లబడింది, వేలితో నొక్కితే మెత్తగా దిగింది. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఈ చలికాలానికి గొట్టం, ఆ చెక్క బాగు చేయించి, చూరుకి కేబుల్ వేస్తాం. సందులు, ఇన్సులేషన్ వేసవిలో. వంటిల్లు ఆ తర్వాత. అలారం సంగతి అత్తయ్యగారికి ఫోన్‌లోనే చెప్పేశాను. బోస్ అన్నయ్యా, మీ చూరు రంధ్రాలు తీయించారా?

బోస్_ఈగన్:
లేదమ్మా. ఇంకా పూడే ఉన్నాయి.