ఈ వారం సమస్య: కత్తెరొకటి రాజ్యకర్త యయ్యె

నిర్వాహకుడు: ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని టైలర్ కొట్లో బల్ల మీద కూర్చుంటే ఈ పాదం తట్టింది, నవ్వాగలేదు. ఇదే నాలుగో పాదంగా, లింకన్ తర్వాత అమెరికా అధ్యక్షుడిగా గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ మీద పద్యం పూరించండి, ఆయన నిజంగానే దర్జీ. మన నాయకుల మీదికి తిప్పితే తీసేస్తాను, పోయిన వారం గొడవ చాలు.

శకటరేఫం:

ప్రాయమందె దర్జి పనిఁ జేరి పరువెత్తి
యాలి యొద్ద నేర్చె నక్షరముల
నూరి మేయరయ్యె, నుపరాష్ట్రపతి యయ్యె
కత్తెరొకటి రాజ్యకర్త యయ్యె

రాలీలో దర్జీ దగ్గర పనికి కుదిరిస్తే 1824లో పారిపోయాడు, పట్టిచ్చినవాళ్ళకి 10 డాలర్లిస్తానని యజమాని పేపర్లో వేయించాడు. తర్వాత టెనెసీలో గ్రీన్‌విల్ చేరి కొట్టు పెట్టాడు, ఆ ఊరికే మేయరయ్యాడు. గవర్నరు, సెనేటరు పద్యంలో పట్టలేదు.

అరసున్న: గవర్నరుకి చోటు లేదు గానీ మూడు 'అయ్యె'లకి దొరికింది మాస్టారూ. 'అక్షరముల నూరి' అని కలిపి చదివితే శొంఠి నూరినట్టుంది. పైగా ఆయనకి చదవడం దర్జీ కొట్లోనే వచ్చింది, వాళ్ళు కుడుతూ ఉంటే ఎవరో వచ్చి ఉపన్యాసాల పుస్తకం చదివి వినిపించేవారు. భార్య ఎలైజా నేర్పింది రాతా, లెక్కలూ. నాది చూడండి:

సభలు నేసినట్టి చట్టాల నడ్డంగ
వీటొ యనుచు నతఁడు వేటు వేసెఁ
గుట్టువాఁడు మఱచెఁ గూర్చుట యను విద్య
కత్తెరొకటి రాజ్యకర్త యయ్యె

ఉల్లిపొర: అబ్బ! 'ఒకటి'ని 'ఒకటే' చేసి తిప్పారు చూడండి, సూది పారేశాడు, కత్తెర ఒక్కటే మిగిలింది. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అధ్యక్షుడు ఒప్పుకోననడమే వీటో; మొత్తం 29 వీటోలు, అందులో 15 కాంగ్రెస్ తిరగ్గొట్టింది. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళని పౌరులుగా ఒప్పుకునే 1866 చట్టం మీదా ఇదే కత్తెర పడింది, అది తెలిశాక శకటరేఫం గారిది సన్మానపత్రంలా అనిపిస్తోంది, ఏమనుకోకండి.

శకటరేఫం: అనుకోను. కానీ 'వీటొ' ఏమిటి? 'టో' దీర్ఘం కదా, ఛందస్సులో గణం కుదరాలని నొక్కేస్తే సరా? నా లింకన్ గొడ్డలి పూరణంలో 'సెనేటు'ని 'సెనెటు' అన్నందుకు మూడు రోజులు నన్ను ఉతికి ఆరేసిందెవరు?

అరసున్న: అది మాట నడుమ హ్రస్వం, ఇది చివర. గౌరీ 'గౌరి' అయినట్టే. అయినా ఆ గొడ్డలి పద్యంలో కంచె కర్రలు చీల్చిన లింకన్ చేత మీరు చెట్లు నాటించారు, దాని ముందు 'సెనెటు' ఏపాటి.

శకటరేఫం: గౌరి సంస్కృతం, వీటో లాటిన్. లాటిన్‌కి తత్సమ సూత్రం వేసిన మొదటి మనిషి మీరే. వీటో పక్కన వేటు మాత్రం బాగా పడింది, కాదనను.

కోనసీమ కుర్రాడు: సార్, నాకిది మొదటిసారి. 'ఒక్క ఓటు తోనె గట్టెక్కె జాన్సను' దగ్గర ఆగిపోయా.

నిర్వాహకుడు: పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత కుదరాలి, అదే యతి; 'ఒ'కి 'గ'తో యతి ఎక్కడిదయ్యా! గట్టు మాని ఒడ్డెక్కించు, సరిపోతుంది: 'ఒక్క యోటు తోడ నొడ్డెక్కె జాన్సను'. విషయం మాత్రం మంచిది పట్టావు. యుద్ధ మంత్రి స్టాంటన్‌ని తీసేశాడని మొదలైన అభిశంసన, 1868 మే 16న సెనేట్‌లో 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు, దింపాలంటే మూడింట రెండొంతులు కావాలి, ఇంకొక్కరు అటు ఒరిగితే పదవి ఊడేది.

ఉల్లిపొర: ఒడ్డెక్కించారు సరే, అక్కణ్ణుంచి కత్తెర దాకా ఎలా నడిపిస్తారు?

కోనసీమ కుర్రాడు: అదే టెన్షన్ సార్. తనని విచారించిన ఆ సెనేటుకే 1875లో మళ్ళీ ఎన్నికై వచ్చాడు కదా, కొన్ని నెలలకే పోయాడనుకోండి, అది నాలుగో పాదానికి అతుకుతుందా?

నిర్వాహకుడు: ముందు రెండో పాదం రాయి నాయనా.