పాత డీడీఆర్4 ర్యామ్ కొత్త బోర్డుకు సరిపోతుందా?

ప్రశ్న: అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరింది. ఇంట్లో నేనే డెస్క్‌టాప్ బిగిద్దామనుకుంటున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు అనుకున్నాను. పాత సిస్టమ్‌లోని 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ దీనికి వాడొచ్చా? రేపే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు: పనికిరాదండీ. 7600ది ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే. డీడీఆర్4 ర్యామ్ అంచున గాడి ఉండే చోటు వేరు, స్లాట్‌లో దిగదు. దయచేసి బలవంతంగా నొక్కకండి.

మరో జవాబు: ఆ ర్యామ్ వదులుకోవద్దనుకుంటే డీడీఆర్4 పట్టే ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోండి. చివర ‘జీ’ లేని 5600 అయితే లోపల గ్రాఫిక్స్ ఉండదు, తెర మీద బొమ్మ రావాలంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది తెలియక నేను బోర్డే పోయిందనుకుని రెండు రోజులు కుమిలిపోయాను. పాత బీ450 బోర్డు ఇస్తే, ఈ ప్రాసెసర్‌ను గుర్తించేలా బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారా అని కొట్టులోనే అడగండి.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్సండీ. 5600జీ, ఏఎం4 బోర్డుగా బీ550 రాసుకున్నాను.